గోదావరి పాత రైలు వంతెన

రాజమహేంద్రవరమునకును కొవ్వూరునకును నడుమ అఖండ గోదావరిపై మూడు రైలు వంతెనలు గలవు. వానిలో రెంటిపై రేయింబవళ్లు బండ్లు నడచుచున్నవి. మూడింటిలో మొదటిదియు, తక్కిన రెంటికి పెద్దక్కవంటిదియునగు పాత వంతెనమీద మాత్రము 1997వ సంవత్సరమునుండి బండి కూత వినబడుటలేదు. సర్కారు దస్త్రములలో దానిపేరు హేవ్‌లాకు వంతెన. జనుల నోట అది పాత వంతెన. తొంబదియేడు సంవత్సరములు ఆంధ్రదేశపు రాకపోకలను మోసిన యా యుక్కు కట్టడము నేడు ఎండకు నెండి, వానకు దడిసి, తుప్పుతో పోరాడుచు నిలిచియున్నది.

దీని నేమి చేయవలెనను ప్రశ్న చాలకాలమునుండి నలుగుచున్నది. తుక్కుక్రింద అమ్మివేయవచ్చునని కొందరనిరి. విహారస్థల మొనర్పవచ్చునని మరికొంద రనిరి. అది ఏమగుననుటకు ముందు అది యెవరిదో నిర్ణయించుకొనుట యావశ్యకమని మేము తలంచుచున్నాము. ఒక వస్తువు తనదని తెలిసినవాడే దానిని కాపాడుకొనును. పరులు కట్టి విడిచిపోయినదని తలచువాడు దానిని తుప్పునకు వదలివేయును. కావున దీని పూర్వచరిత్రను పాఠకుల ముందుంచుచున్నాము.

పడవల కాలము

నాసిక ప్రాంతమున త్ర్యంబకముచెంత బుట్టిన గోదావరి సుమారు 900 మైళ్లు ప్రవహించి సముద్రమును జేరును. పాపికొండల యిరుకులలోనుండి వెలువడిన పిదప అది రాజమహేంద్రవరమువద్ద వెడల్పై, అఖండ గోదావరియై, ఆ దిగువనున్న ధవళేశ్వరముకడ గౌతమిగను వసిష్ఠగను చీలును. వేసవిలో ఇసుకతిన్నెలు తేలి పిల్లకాలువవలె గనబడు నీ నది, శ్రావణ భాద్రపదములలో ఒడ్డునుండి ఒడ్డు కనబడని సముద్రమగును. ఇట్టి నదిని దాటుట యనాదిగా పడవవాని చేతిలోని పని.

1847లో నారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట గోదావరి మండలమునకు ప్రాణముపోసెను. దానిని కట్టిన ఆర్థరు కాటను దొర కాలువలను పైరు తడుపుటకు మాత్రమే గాక, పడవలు నడుచుటకును త్రవ్వించెను. క్రమముగా గోదావరి కాలువలు కృష్ణ కాలువలతోడను, అవి బకింగుహాము కాలువతోడను గలసి, కాకినాడనుండి చెన్నపట్టణమువరకు నీటిబాట యేర్పడెను. ధాన్యపు బస్తాలు, ఉప్పు, కలప, పెండ్లివారు, యాత్రికులు, అందరును పడవలమీదనే పోయెడివారు. ప్రయాణము మెల్లనిదే కాని చౌకైనది. హిందూదేశమునకు కావలసినది రైళ్లు కాదు, నీటికాలువలని కాటను తన జీవితాంతమువరకు వాదించెను. పార్లమెంటు సంఘముల యెదుటను ఆ మాటయే చెప్పెను. ఏలినవారు దానిని చెవిబెట్టలేదు. గోదావరిపై రైలు వంతెన సగము పనిలో నుండగా, 1899 జూలై నెలలో ఆయన మరణించెను.

రైలు వచ్చుట

రైలుమార్గము వలయునను వాదమునకును బలమైన కారణము లేకపోలేదు. 1866వ సంవత్సరపు ఒరిస్సా కరవులో ఇంచుమించు పదిలక్షలమంది మరణించిరి. ఇతర ప్రాంతములలో బియ్యము లేక కాదు. వర్షకాలమున ఓడలు ఒడ్డునకు రాలేక, భూమిమీద బండ్లు కదలలేక, ఉన్న బియ్యము ఆకలిగొన్నవానిని జేరలేదు. 1876 మొదలు 1878 వరకు చెన్నరాజధానిని దహించిన మహాక్షామము వేరొక గుణపాఠము. 1880లో క్షామసంఘమువారు కరవు రక్షణకై రైలుమార్గములను విస్తరింపవలెనని సిఫారసు చేసిరి. ఆ పిమ్మట తూర్పుతీరపు సర్కారు రైల్వే వెలసి, 1893 మొదలు 1896 లోపల బెజవాడనుండి కటకమువరకు బండ్లు నడచెను. నడుమ గోదావరియొద్ద మాత్రము గొలుసు తెగియుండెను. ఒక యొడ్డున బండి దిగి, మూటముల్లెలతో నదిని దాటి, ఆవలియొడ్డున మరల బండి యెక్కవలసి వచ్చెడిది. వరదలనాళ్లలో ఆ దాటుట ప్రాణములతోడి పందెము. 1899లో బెజవాడకును చెన్నపట్టణమునకును మార్గము కలిసెను. గోదావరి దాటినగాని కలకత్తా చెన్నపట్టణముల నడుమ తూర్పుతీరపు బాట పూర్తికానేరదు.

అయినను కరవు నొక్కదానినే చెప్పి యూరకుండుట చరిత్రను సగము చెప్పుటయగును. రైలుబండి కరవుప్రాంతమునకు గింజలు మోసినట్లే, పంటప్రాంతమునుండి గింజలను రేవులకును మోసెను. సైన్యము త్వరగా కదలుటకు నదియే సాధనము. సీమ బట్టలు పల్లెటూరి సంతవరకు వచ్చి, సాలెవాని మగ్గమును మూలబెట్టుటకును నదియే దారి. నీటిపారుదలకంటె రైళ్లపై సర్కారువారు మితిమీరి వెచ్చించుచున్నారని రమేశచంద్ర దత్తుగారు తమ యార్థిక చరిత్రలో లెక్కలతో నిరూపించిరి. రైళ్లవలన గింజలు ధర హెచ్చుగానున్న చోటికి తరలి, కరవులు తరచగుచున్నవని గాంధీమహాత్ముడు 1909లో హింద్ స్వరాజ్యమున వ్రాసెను. ఈ విమర్శలను మరచి వంతెనను పొగడుటయు, వంతెనవలన గలిగిన మేలును మరచి విమర్శించుటయు రెండును తగవు కాదు.

ఇక వెల యెవరు చెల్లించిరి? ఇది సర్కారు రైల్వే. దీనికైన వ్యయమును, అప్పులపై వడ్డీని మోసినది ఈ దేశపు ఖజానా. ఆ ఖజానాను నింపినది రైతు చెల్లించిన శిస్తు, పేదవాడు తిన్న ఉప్పుపై పన్ను. ఉక్కు మాత్రము సీమనుండి వచ్చెను. నాటికి మనదేశమున ఇట్టి గర్డర్ల కుపయోగించు ఉక్కు తయారగుటలేదు. 1907లో స్థాపితమైన టాటావారి కర్మాగారము సాక్చీయందు తొలి ఉక్కును తీసినది 1912లో. ఈ మార్గపు టావలి కొననున్న హౌరాలో, హుగ్లీపై 1943లో తెరువబడిన వంతెనకు పట్టిన 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు టాటావారిదే. అనగా నలువది మూడేండ్ల యెడముతో రెండు కట్టడములు నిలిచి, మన పరిశ్రమ యెంత నడచినదో చెప్పుచున్నవి.

కట్టుబడి

1897 నవంబరు 11వ తేదీన పని యారంభమయ్యెను. 1900 ఆగస్టు 30వ తేదీన వంతెనపై రైళ్ల రాకపోకలు మొదలయ్యెను. మూడు సంవత్సరములైనను నిండలేదు. అందును వరదకాలమున నదిలోని పని సాగదు. ప్రతియేటను నీరు తీసిన నెలలలోనే పునాదులు పడవలెను. ఈ వేగము నేటి యంత్రముల కాలమునగూడ ఆశ్చర్యకరమే.

నిర్మాణమునకు పెద్దగా నున్నవాడు గ్రాన్‌విల్ వాల్టను అను ఇంజనీరు. అంతకుముందు కాశీయొద్ద గంగపై 1887లో తెరువబడిన డఫరిను వంతెనను గట్టిన యనుభవము ఆయనకు గలదు. గంగవలెనే గోదావరియు ఇసుకనది. ఇసుకపై రాతిస్తంభము నిలువదు. వరదవచ్చినపుడు ప్రవాహము స్తంభము మొదట సుడిదిరిగి ఇసుకను తోడివేయును. దీనికి ఆ కాలపు ఇంజనీర్లు మనదేశపు నూతిపనినుండియే ఉపాయమును గ్రహించిరి. అంచు పదునుగానుండు ఇనుపచక్రమును నదీగర్భమున నుంచి, దానిపై గుండ్రముగా గోడ గట్టుచు, లోపలి ఇసుకను తోడివేయుదురు. తోడినకొలది నుయ్యి తన బరువుతో తాను దిగును. దిగినకొలది పైన గోడ పెంచుదురు. గట్టినేల తగులువరకు దించి, లోపల కాంక్రీటు నింపి, ఆ బావిమీద రాతిస్తంభము లేపుదురు. ఒక ప్రక్క ఇసుక మెత్తగాను మరియొక ప్రక్క గట్టిగాను ఉన్నచో నుయ్యి ఒరిగిపోవును. దానిని నిలువుగా నిలుపుటలోనే నేర్పరితనమంతయు నున్నది.

అట్లు లేచిన స్తంభములపై 56 ఖానాలుగా ఉక్కు గర్డర్లు అమర్పబడినవి. ఒక్కొక్క ఖానా, అనగా స్తంభమునకును స్తంభమునకును నడిమి యెడము, 150 అడుగులు. మొత్తము నిడివి ఒకటిన్నర మైలుకు పైబడును. దానిపై ఒక్కటే రైలుబాట. గర్డర్లలోని పలకలను కలుపుటకు ఎఱ్ఱగా కాల్చిన రివెట్లను రంధ్రములలో దూర్చి సుత్తులతో మొనలు చదును చేసిరి. ఆ రివెట్లే తొంబదియేడు సంవత్సరముల బండ్ల యదురును భరించినవి.

ఈ పనికంతకును చేతులు ఎవరివి? ఇంజనీరు గీసినగీత కాగితముమీదనే యుండును. ఇసుక తోడినవారు, రాయి చెక్కినవారు, సున్నము నూరినవారు, తట్టలు మోసిన స్త్రీలు, నీటమునిగి నూతి యడుగును తడవిచూచినవారు, నడియేటి గాలిలో ఎత్తున నిలిచి సుత్తిగొట్టినవారు, వీరే వంతెనను గట్టిరి. నాడు చెన్నపట్టణమున గవర్నరు సర్ ఆర్థరు ఎలిబాంక్ హేవ్‌లాకు. 1896 మొదలు 1900 వరకు ఆయన యధికారములో నుండెను. వంతెన ఆ కాలమున ముగిసెను గనుక వంతెనకు ఆయన పేరు వచ్చెను. ఈ నదిలో ఒక తట్ట ఇసుక ఎత్తినవాని పేరు మాత్రము ఏ ఖానాకును రాలేదు.

జనుల వంతెన

ఏలినవారు ఒక యుద్దేశముతో గట్టిరి. ప్రజలు దానిని తమ యుద్దేశములకు మలచుకొనిరి. ఈ వంతెన చరిత్రలో మాకు మిక్కిలి ప్రియమైన భాగమిదియే.

బండి వంతెన నెక్కగానే చప్పుడు మారును. అది వినగానే నిద్రించువారు లేచి, చేతులు జోడించి, కిటికీలోనుండి నదిలోనికి కాని వేయుదురు. తల్లి బిడ్డచేత వేయించును. గోదావరిని దాటుట మన జనమునకు ప్రయాణము మాత్రమే కాదు, దర్శనము. పండ్రెండేండ్ల కొకమారు పుష్కరములు వచ్చినపుడు ఎక్కడెక్కడి తెలుగువారినో కోటిలింగాల రేవునకును, కొవ్వూరి గోష్పాద క్షేత్రమునకును తెచ్చి దింపినది ఈ మార్గమే. ఉత్తర సర్కారులవారును, కృష్ణకు దక్షిణమునందలివారును ఒకరి నొకరు తరచు చూచుకొనుట మొదలిడినదియు ఈ వంతెన వచ్చిన పిమ్మటనే. వార్తాపత్రికల కట్టలు, ఉత్తరాల సంచులు, సభలకు బోవు ప్రతినిధులు ఈ బాటనే పోయిరి.

1907 ఏప్రిలులో బిపినచంద్రపాలుడు రాజమహేంద్రవరమున నుపన్యసించినపుడు వందేమాతర నాదము ఈ గట్టులమీద మ్రోగెను. దాని ఫలితముగా విద్యార్థులు కళాశాలనుండి బహిష్కృతులైరి. 1913లో తొలి యాంధ్ర మహాసభ జరిగిన బాపట్లయు ఈ తీరమార్గము మీది యూరే. 1942 ఆగస్టు 12వ తేదీన ప్రజాగ్రహమునకు గురియై దగ్ధమైన తెనాలి రైలుస్టేషనును ఈ మార్గములోనిదే. నాటి పోలీసుకాల్పులలో ఏడుగురు ప్రాణములు గోల్పోయిరి. ఏ బాటను సామ్రాజ్యము తన బలమునకై వేసికొన్నదో ఆ బాటమీదనే దానిని దింపివేయు మాట యూరూర బ్రాకినది.

స్వరాజ్యము వచ్చిన తరువాత ఈ వంతెన మన రైల్వేవారి వంతెనయయ్యెను. 1953లోను, 1986లోను గోదావరి మహోగ్రరూపము దాల్చెను. 1986 ఆగస్టులో ధవళేశ్వరముకడ ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులవరకు బోయినది. ఊళ్లు మునిగినవి, గట్లు తెగినవి. నూరేండ్లకు దగ్గరపడుచున్న యీ స్తంభములు మాత్రము చలింపలేదు.

వార్ధక్యము

ఒకేబాటగల వంతెన పెరుగుచున్న రాకపోకలకు చాలదయ్యెను. 1974లో పైన రోడ్డును క్రింద రైలును గల రెండవ వంతెన తెరువబడెను. దానివలన బస్సులును బండ్లును మొదటిసారిగా ఇచ్చట నదిని చక్రములమీద దాటెను. బరువైన ఇంజనులకును హెచ్చు వేగమునకును పాత గర్డర్లు తగవని తేలగా, 1991లో మూడవ వంతెన నారంభించిరి. ధనుస్సువలె వంగిన కాంక్రీటు కమానులు 28 గల యా వంతెన 1997లో సిద్ధమయ్యెను. ఆ యేడే పాతవంతెన విశ్రాంతి గొనెను.

వంతెనకు విశ్రాంతియన్నను అపాయమే. బండ్లు నడచినన్నాళ్లు గ్యాంగువారు ప్రతి పలకను తట్టిచూచెదరు, తుప్పు గీకి రంగు పూసెదరు, వదులైన రివెటును మార్చెదరు. బండ్లు నిలిచిన మరునాటినుండి ఆ కన్ను మూతపడును. రాతిస్తంభము శతాబ్దములు నిలుచును గాని, రంగులేని ఉక్కు నిలువదు. సముద్రపుగాలి సోకు ఈ ప్రాంతమున మరియు నిలువదు. వంతెనను విప్పి తుక్కుక్రింద అమ్ముదురను మాట పుట్టినపుడు పురజనులు దానిని నిరసించిరి. ఆ నిరసనమువలన వంతెన మిగిలినది. అటుపిమ్మట పాదచారుల బాటగా మార్చు పథకములు పలుమారులు వినబడినవి. 2027 పుష్కరములను దృష్టియం దుంచుకొని, 2025 జూన్ నెలలో అఖండ గోదావరి పథకమునకు శంకుస్థాపన జరిగినది. అందులో ఈ వంతెనయు జేరియున్నది. ఇది సంతోషింపదగినదే. అయితే శంకుస్థాపనలు వేరు, సంరక్షణము వేరు.

మా మనవి

మేము కోరునవి నాలుగే. మొదటిది: దీపాలంకారములకు ముందు తుప్పు సంగతి చూడవలెను. ఖానా ఖానాను పరీక్షించి, చెడిన పలకలను మార్చి, రంగుపూసి, ఆ పని యేటేట జరుగునట్లు స్థిరమైన నిధి నేర్పరుపవలెను. ఒక్కసారి పెట్టుబడి పెట్టి మరచిన సంరక్షణము, చేయని సంరక్షణముతో సమానము.

రెండవది: ఈ వంతెన నడకబాటగా రెండు ఒడ్లను గలుపవలెను. ఒక కొననుండి నాలుగు ఖానాలు అలంకరించి తక్కినవానిని విడుచుట వంతెనను నిలుపుట గాదు. వంతెన ధర్మము దాటించుట.

మూడవది: వంతెనమీద దాని చరిత్ర తెలుగున చెక్కింపవలెను. కరవులు, శిస్తు, సీమ ఉక్కు, కాటను వాదము, నూతి పునాదులు, వందేమాతరము, వరదలు, అన్నియు నుండవలెను. పొగడ్తయు వలదు, దాపరికమును వలదు. మొదటి ఖానావద్ద పేరులేని కూలివారికొక శిల నిలుపవలెను.

నాలుగవది పేరు. వాల్టనే గట్టిన కాశీ వంతెనకు 1948లోనే డఫరిను పేరు తొలగి మాలవీయుని పేరు వచ్చినది. ఇచ్చట ఆ పని జరుగలేదు. పేరు మార్చవలెనను కోరిక సహజమే. కాని పేరు మార్చి ఉక్కును తుప్పునకు వదలిన నా గౌరవ మెవరికి? గవర్నరు పేరు దస్త్రములలో నుండనిండు. జనులు ఏనాడో పాతవంతెన యని పిలిచి తమదిగా జేసికొనిరి. ముందు కట్టడము నిలిచినచో, తగిన పేరు ప్రజలే పెట్టుదురు.

ఇంత ధనము ఒక పాత ఇనుపదూలమునకా, ఆ సొమ్ముతో పాఠశాలలు కట్టరాదా యని యడుగువారు గలరు. వారి ప్రశ్న న్యాయమైనదే. కాని విప్పి అమ్మిన తుక్కుసొమ్ము ఒక యేడాదిలో ఖర్చగును. విప్పినది మరల రాదు. పాఠశాలలో బాలుడు చదువుకొను చరిత్ర, ఏటినడుమ నిలిచి చేతితో తాకగలిగిన చరిత్రగా నుండుటకు ఇంతకంటె తగిన చోటు గోదావరి మండలమున నరుదు.

శిస్తుకట్టి వెలయిచ్చినది మన తాతలు. తట్టమోసి కట్టినది మన తాతలు, అవ్వలు. దాటుచు నదికి మ్రొక్కినది మన తలిదండ్రులు. నాడు వారికి ఈ వంతెనపై అధికారము లేకుండెను. నేడు మనకు గలదు. అధికారము గలిగియు దానిని తుప్పునకు వదలినచో నా దోషమును ఏ గవర్నరుమీదను మోపుటకు వీలుండదు. సర్కారువారును, రైల్వేవారును, ఉభయతీరముల పురజనులును దీనిని గుర్తెరిగి, పుష్కరములు వచ్చులోపల పని పూర్తిచేయుదురుగాక యని కోరుచున్నాము.